కొత్త స్విచ్ కంట్రోలర్‌లో కనపడటం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

బ్రాంచి నుంచి ఫోన్ వస్తుంది: "సార్, స్విచ్ పెట్టేశాం, లైట్లు వెలుగుతున్నాయి." మీ స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. నెట్‌వర్క్ స్విచ్ తనంతట తానే కంట్రోలర్‌ని, అంటే స్విచ్‌లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ని, వెతుక్కుని కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) తెచ్చుకోవాలి. సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లలో ఈ పద్ధతిని ప్లగ్ అండ్ ప్లే, పొట్టిగా పీఎన్‌పీ అంటారు. అటువైపు ఉండే కంట్రోలర్ పేరు క్యాటలిస్ట్ సెంటర్. 2023 దాకా దాని పేరు డీఎన్ఏ సెంటర్.

నేను చూసినంతవరకు ఎక్కువ గొడవలు స్విచ్ కంట్రోలర్‌ని చేరకముందే జరుగుతాయి. ఆ భాగం స్క్రీన్ మీద కనపడదు. అందుకే కేబుల్ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి.

1. ముందు స్టేటస్ చూడండి

ప్రొవిజన్ మెనూలో ప్లగ్ అండ్ ప్లే పేజీ తెరవండి. స్విచ్ జాబితాలో లేకపోయినా, "ప్లాన్డ్" (మీరు ముందే సీరియల్ నంబరుతో చేర్చి పెట్టింది) దగ్గరే ఆగినా అది ఇంకా కంట్రోలర్‌ని పలకరించలేదన్నమాట. "అన్‌క్లెయిమ్డ్" అని ఉంటే గాభరా అక్కర్లేదు. స్విచ్ వచ్చేసింది, మీరు క్లెయిమ్ చేయడమే (దాన్ని మీ సైట్‌కి కేటాయించడమే) మిగిలింది. ఒకే స్విచ్‌కి ప్లాన్డ్ ఒకటి, అన్‌క్లెయిమ్డ్ ఒకటి కనపడుతుంటే ముందు సీరియల్ నంబరు సరిచూడండి. సున్నా బదులు ఇంగ్లీషు ఓ కొట్టి ఉంటారు.

2. స్విచ్ నిజంగా ఖాళీగా ఉందా?

స్టార్టప్ కాన్ఫిగరేషన్ (ఆన్ కాగానే స్విచ్ చదివే, సేవ్ చేసిన సెట్టింగులు) లేకపోతేనే పీఎన్‌పీ మొదలవుతుంది. వేరే చోట వాడి తెచ్చిన స్విచ్‌లో పాత కాన్ఫిగరేషన్‌తో పాటు పాత సర్టిఫికెట్లు (గుర్తింపు పత్రాల్లాంటి ఫైళ్లు) కూడా మిగిలి ఉండొచ్చు. స్విచ్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్ఈ కొత్త వెర్షన్లలో "పీఎన్‌పీఏ సర్వీస్ రీసెట్" అనే కమాండ్ ఇవన్నీ తుడిచి స్విచ్‌ని రీలోడ్ చేస్తుంది. నడుస్తున్న స్విచ్‌లో మాత్రం పొరపాటున కూడా కొట్టకండి.

కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్‌ని స్విచ్‌కి నేరుగా తగిలించేది) పెట్టి చూడొచ్చు కానీ ఏమీ కొట్టకూడదు. ఇనిషియల్ కాన్ఫిగరేషన్ డైలాగ్‌లోకి వెళ్తారా అని అడిగే ప్రశ్నకు ఎస్, నో ఏది చెప్పినా పీఎన్‌పీ ఆగిపోతుంది. ఒకసారి నేనే అలవాటు కొద్దీ నో కొట్టేసి, ఆ తర్వాత గంటసేపు డీహెచ్‌సీపీ సర్వర్‌ని (ఐపీ అడ్రస్‌లు పంచేదాన్ని) తిట్టుకున్నాను.

3. ఐపీ వచ్చిందా?

పైనున్న స్విచ్‌లో "షో సీడీపీ నైబర్స్" (సీడీపీ అంటే పక్కపక్క సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి) కొట్టి కొత్తది కనపడుతోందో లేదో చూడండి. తర్వాత డీహెచ్‌సీపీ సర్వర్‌లో దాని మ్యాక్ అడ్రస్‌తో లీజు (ఐపీ కేటాయింపు) వెళ్లిందేమో వెతకండి. కొత్త స్విచ్ మామూలుగా వీల్యాన్ 1లోనే (వీల్యాన్ అంటే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఐపీ అడుగుతుంది. మీ డీహెచ్‌సీపీ వేరే వీల్యాన్‌లో ఉంటే పైస్విచ్‌లో "పీఎన్‌పీ స్టార్టప్-వీల్యాన్" కమాండ్ ఇవ్వాలి. ఆ నంబరు సీడీపీ ద్వారా కిందికి చేరుతుంది.

రెండు కేబుళ్లు కలిపి పోర్ట్ ఛానెల్ చేసిన చోట ఇంకో చిక్కు ఉంది. కొత్త స్విచ్‌కి అప్పటికింకా ఎల్ఏసీపీ (కేబుళ్లను అలా కలిపే ప్రోటోకాల్) తెలియదు కాబట్టి పైవైపు పోర్టులు సస్పెండ్ అవ్వొచ్చు. పైస్విచ్ పోర్ట్ ఛానెల్‌లో "నో పోర్ట్-ఛానెల్ స్టాండలోన్-డిజేబుల్" ఇస్తే పోర్టు విడిగా పనిచేస్తుంది.

4. కంట్రోలర్ అడ్రస్ ఎవరు చెప్పారు?

ఎక్కువ టైమ్ తినేది ఇదే. స్విచ్ ముందు డీహెచ్‌సీపీ ఆప్షన్ 43 (ఐపీతో పాటు సర్వర్ పంపే అదనపు సమాచారం) చూస్తుంది. అది లేకపోతే మీ డొమైన్‌లో పీఎన్‌పీసర్వర్ అనే పేరు కోసం డీఎన్ఎస్‌ని (పేరుకు ఐపీ చెప్పే సర్వర్‌ని) అడుగుతుంది. అదీ లేకపోతే సిస్కో క్లౌడ్‌కి వెళ్తుంది. ఆప్షన్ 43 ఇలా ఉంటుంది, సర్వర్‌లో మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో కొట్టాలి:

5ఏ1ఎన్;బీ2;కే4;ఐ10.20.0.5;జే80

బీ2 అంటే ఐపీవీ4 అడ్రస్. కే4 అంటే హెచ్‌టీటీపీ, కే5 అంటే హెచ్‌టీటీపీఎస్. ఐ తర్వాత కంట్రోలర్ ఐపీ, జే తర్వాత పోర్టు. ఒక్క సెమీకోలన్ పోయినా పని జరగదు. ఎక్కడా ఎర్రలైటు వెలగదు కూడా.

వైఫై యాక్సెస్ పాయింట్లకూ కంట్రోలర్ అడ్రస్ ఆప్షన్ 43లోనే ఇస్తారు, ఫార్మాట్ వేరు. రెండూ ఒకే స్కోప్‌లో (సర్వర్ పంచే ఐపీల గుంపులో) ఉంటే ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంట్లో పడ్డట్టే. స్విచ్ తన ఆప్షన్ 60లో (తానెవరో చెప్పే గుర్తులో) "సిస్కోపీఎన్‌పీ" అని పంపుతుంది. అలా అడిగినవాటికే ఈ స్ట్రింగ్ వెళ్లేలా సర్వర్‌లో పెట్టుకోండి.

అడ్రస్ సరిగ్గానే ఉన్నా స్విచ్ చేరకపోతే ఫైర్‌వాల్‌లో 80, 443 పోర్టులు చూడండి. ఆ తర్వాత సర్టిఫికెట్. స్విచ్ గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది. డీఎన్ఎస్ దారిలో వస్తే పీఎన్‌పీసర్వర్ పేరు కంట్రోలర్ సర్టిఫికెట్‌లో ఉండి తీరాలి.

5. "ఆన్‌బోర్డింగ్" దగ్గర ఆగితే

ముందు కాస్త ఆగండి. ఇమేజ్ (స్విచ్ సాఫ్ట్‌వేర్) మారుతుంటే ఫైలే వందల ఎంబీలు ఉంటుంది, పల్చటి లింకు మీద టైమ్ పడుతుంది. బ్రాంచివాళ్లకు కూడా పవర్ తీయొద్దని గట్టిగా చెప్పండి.

"ఎర్రర్" వస్తే డివైస్ పేరు నొక్కి హిస్టరీ చదవండి. సాధారణంగా దోషం టెంప్లేట్‌దే, అంటే కంట్రోలర్ స్విచ్‌కి పంపే కాన్ఫిగరేషన్ నమూనాదే. ఏ వీల్యాన్ మీద స్విచ్ కంట్రోలర్‌తో మాట్లాడుతోందో దాన్నే టెంప్లేట్ తీసేస్తే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. టెంప్లేట్ సరిచేసి, పీఎన్‌పీ పేజీలోనే ఆ డివైస్‌కి రీసెట్ ఇస్తే మళ్లీ మొదలవుతుంది.

ఎలాగూ ఫెయిల్ అయింది కాబట్టి ఇప్పుడు కన్సోల్ ముట్టుకోవచ్చు. "షో పీఎన్‌పీ టెక్-సపోర్ట్" కొట్టి, వచ్చిందంతా ఒక ఫైల్‌లో దాచుకున్నాకే స్విచ్‌ని తుడవండి. తుడిచాక ఆ ఆధారం మళ్లీ దొరకదు.