లేజర్ హెయిర్ రిమూవల్ – 2వ పాఠం: లేజర్‌కి తెలిసింది నలుపు ఒక్కటే

పోయిన పాఠంలో ముంజేతి మీద అంగుళం చోటు గొరిగి, రోజూ ఎన్ని వెంట్రుకలు కొత్తగా పైకొస్తున్నాయో లెక్కపెట్టమన్నాను. లెక్కపెట్టినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది, అన్నీ ఒకేసారి రావు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని పెరగడం ఆపేసి ఉంటాయి, కొన్ని రాలిపోయి కుదుళ్ళు ఖాళీగా ఉంటాయి. లేజర్ దెబ్బ గట్టిగా తగిలేది పెరుగుతున్నవాటికే. అందుకే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయి. ముఖానికైతే నాలుగు నుంచి ఆరు వారాలు, కాళ్ళకీ చేతులకీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం ఇస్తారు. "ఒక్క సిట్టింగ్‌లో మొత్తం పోతాయి" అని ఎవరైనా అంటే మీకిప్పుడు జవాబు తెలుసు కదా. ఇక కొత్త పాఠంలోకి వద్దాం.

నల్ల గుడ్డ ముక్కొకటి, తెల్ల గుడ్డ ముక్కొకటి పక్కపక్కన పావుగంట ఎండలో ఉంచి తాకి చూడండి. నల్లది కాలుతుంది, తెల్లది అంతగా కాలదు. లేజర్ చేసే పని కూడా దాదాపు ఇదే. వెంట్రుకలోని నల్ల రంగు, అంటే మెలనిన్, ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురుకి పాకి, మళ్ళీ వెంట్రుకను మొలిపించే కణాలను దెబ్బతీస్తుంది. సరైన రంగు కాంతిని సెకనులో చిన్న వంతు కాలం మాత్రమే వదిలితే, చుట్టూ ఉన్న చర్మానికి హాని లేకుండా లోపలి లక్ష్యాన్ని ఒక్కదాన్నే కాల్చవచ్చని రాక్స్ ఆండర్సన్, జాన్ ప్యారిష్ అనే అమెరికన్ వైద్యులు 1983లో వివరించారు. వెంట్రుకల కోసం మెషీన్లు 1990ల మధ్యలో వచ్చాయి.

కాబట్టి లేజర్‌కి వెంట్రుక అంటే ఏంటో తెలియదు. దానికి తెలిసింది నలుపు. ఈ మాట ఒక్కటి బుర్రలో ఉంచుకుంటే, క్లినిక్‌లో చెప్పే చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ చాలావరకు మీకు మీరే చెప్పుకోగలుగుతారు.

మొదట వెంట్రుక సంగతి చూద్దాం. నెరిసినదానికి లేజర్ పనిచెయ్యదు, ఎన్ని సిట్టింగులైనా అంతే. బంగారు రంగువీ, ఎర్రటివీ కూడా దాదాపు అంతే. గడ్డం కింద నాలుగు నల్లవి, నాలుగు తెల్లవి ఉన్నవాళ్ళు నల్లవాటికి లేజర్ చేయించుకుని, తెల్లవాటికి ఎలక్ట్రోలిసిస్‌కి వెళ్ళాలి. అందులో ఒక్కో కుదురులోకి సన్నటి సూది దించి కరెంటు పంపుతారు కాబట్టి రంగుతో పని లేదు, కాకపోతే ఓపిక కావాలి. ఇక బుగ్గల మీది నూగు. అందులో రంగు తక్కువ, లావు తక్కువ. దాని మీద లేజర్ పనిచెయ్యకపోవడం ఒక్కటే కాదు, ముఖం మీదా మెడ మీదా కొందరికి ఉన్న నూగే ముదిరి నల్లబడి గుబురుగా రావడం కూడా ఉంది. నల్లటి, మందపాటి వెంట్రుక ఉన్నచోటే చేయించుకోండి. బుగ్గల నూగును దాని మానాన దాన్ని వదిలెయ్యడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు చిక్కు. నలుపు వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంది. కాంతి కుదురు దాకా వెళ్ళాలంటే పైపొర దాటాలి. ఆ పొరలో మెలనిన్ ఎక్కువుంటే దెబ్బ అక్కడే పడుతుంది. బొబ్బలు, నల్ల మచ్చలు, ఒక్కోసారి తెల్ల మచ్చలు వచ్చేది ఇలాగే. అందుకని చర్మాన్ని ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలమానం వాడతారు. మొదటి రకం పాలిపోయినంత తెలుపు, ఆరోది బాగా నలుపు. మీ రకం తెలుసుకోవడానికి అద్దంలో మొహం చూసుకుంటే లాభం లేదు. చెయ్యెత్తి చంక దగ్గర, ఎండ తగలని లోపలి భాగం చూడండి. తర్వాత గుర్తుచేసుకోండి: గంటసేపు ఎండలో నిలబడితే మీ చర్మం ఎర్రగా కందిపోతుందా, కందకుండా నేరుగా నల్లబడుతుందా? ఎప్పుడూ కందిపోయేవాళ్ళు ఒకటీ రెండూ. ఎప్పుడో గాని కందకుండా త్వరగా నల్లబడేవాళ్ళు నాలుగూ ఐదూ.

ఈ అంకె మీద మెషీన్ ఆధారపడుతుంది. అలెగ్జాండ్రైట్ లేజర్ కాంతి తరంగం పొడవు, అంటే వేవ్‌లెంగ్త్, 755 నానోమీటర్లు. మెలనిన్ దీన్ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి తెల్ల చర్మానికి బాగుంటుంది. డయోడ్ 800, 810 దగ్గర ఉంటుంది, మధ్యస్థం. ఎన్‌డీ యాగ్ 1064. ఇది పైపొరలో అంతగా చిక్కుకోకుండా లోతుకి దిగుతుంది, అందుకే ముదురు చర్మానికి అన్నిటికంటే భద్రం. నొప్పి కాస్త ఎక్కువ, సన్న వెంట్రుకల మీద పట్టు కాస్త తక్కువ. ఐపీఎల్ అనేది అసలు లేజరే కాదు, చాలా రంగులు కలిసిన ఫ్లాష్ లైటు. ముదురు చర్మం మీద దానితో జాగ్రత్త.

కన్సల్టేషన్‌కి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు వెయ్యండి. నా చర్మం ఎన్నో రకమని రాశారు? నాకు వాడబోయే కాంతి వేవ్‌లెంగ్త్ ఎంత? కొన్ని మెషీన్లలో రెండు మూడు రకాల కాంతి ఉంటుంది, అప్పుడు నా మీద ఏది వాడతారని అడగాలి. "మాది లేటెస్ట్ మెషీన్ అండీ, అందరికీ సరిపోతుంది" అన్నదే జవాబైతే, నేనైతే థ్యాంక్స్ చెప్పి లేచి వచ్చేస్తాను.

ఎండ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎండలో తిరిగి చర్మం నల్లబడితే నిన్నటి నాలుగో రకం ఇవాళ ఐదు లాగా ప్రవర్తిస్తుంది, పోయినసారి సరిపోయిన సెట్టింగే ఈసారి కాల్చేస్తుంది. సిట్టింగ్‌కి ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని వారాలు ఎండ తగ్గించి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయండి. మధ్యలో నల్లబడి ఉంటే దాచకుండా చెప్పండి, తేదీ మార్చుకోవడం మచ్చలతో పడటం కంటే తేలిక. టాటూలో ఉన్నదీ రంగే, పుట్టుమచ్చలో ఉన్నదీ రంగే. వాటి మీద లేజర్ పడకూడదు.

గొరగాలా, పీకాలా అన్నది చాలామంది తడబడే చోటు. కాంతి కుదురులోకి దిగడానికి దారి చూపేది లోపల ఉన్న నల్ల వెంట్రుకే. వ్యాక్సింగ్, థ్రెడింగ్, ప్లకర్ ఇవన్నీ దాన్ని వేరుతో లాగేస్తాయి. లోపల నలుపు లేకపోతే లేజర్ పట్టుకునేదేమీ ఉండదు. కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల ముందే ఇవన్నీ బంద్. గొరిగితే మాత్రం వేరు లోపలే ఉంటుంది, పైన ఉన్నది పోతుంది. పైన పొడుగ్గా వదిలేస్తే అది చర్మం మీదే కాలి వాసనేస్తుంది, చర్మాన్నీ కాలుస్తుంది. అందుకే ముందు రోజు గొరిగి వెళ్ళాలి.

నేను రెండో సిట్టింగ్‌కి వారం ముందు, అద్దం ముందు నిలబడి, అలవాటు కొద్దీ గడ్డం మీది నాలుగు వెంట్రుకలు ప్లకర్‌తో పీకేశాను. ఒక్క నిమిషం పని. మూడో వారానికి చుట్టూ ఉన్నవన్నీ రాలిపోయాయి, ఆ నాలుగూ మాత్రం దర్జాగా తిరిగొచ్చాయి! ఎక్కడెక్కడ పీకానో మ్యాపు గీసినట్టు కనిపించింది. అన్నట్టు, గొరిగితే వెంట్రుకలు ఒత్తుగా వస్తాయన్నది అపోహ. మొన తెగి మొద్దుబారడం వల్ల చేతికి గరుగ్గా తగులుతాయి, అంతే.

నొప్పి గురించి టెన్షన్ ఉంటుంది. మూకుడులోంచి నూనె చుక్క చిట్లి చేతి మీద పడితే ఎలా ఉంటుందో ఒక్కో దెబ్బ అలా ఉంటుంది, వెంటనే మెషీన్ చల్లదనం దాన్ని మింగేస్తుంది. ఆ భయంతో తిమ్మిరి క్రీము ఇంట్లోనే దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టుకుని వెళ్దామనుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అమెరికాలో ఇద్దరు యువతులు, 22, 25 ఏళ్ళవాళ్ళు, లేజర్ కోసం కాళ్ళకి ఇలాగే క్రీము రాసి చుట్టుకుని, ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్ళి చనిపోయారు. 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. మందు చర్మంలోంచి రక్తంలోకి దిగుతుంది. ఎక్కువ చోటుకి రాసి, పైన కప్పితే ఇంకా ఎక్కువ దిగుతుంది. డాక్టర్ చెబితేనే, చెప్పినంతే, చెప్పిన చోటే రాయాలి.

పీరియడ్స్ క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు కొత్తగా గట్టిపడుతుంటే ముందు హార్మోన్ పరీక్షలు. పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ సమస్య, ఉంటే లేజర్ ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ, హార్మోన్ కొత్తవాటిని లేపుతూనే ఉంటుంది. వాడుతున్న మందులు, ముఖ్యంగా మొటిమలకి వాడేవి, పెదవి దగ్గర తరచూ వచ్చే నీటి పొక్కులు, గాయం మానాక ఉబ్బే మచ్చలు, గర్భం: వీటిలో ఏది ఉన్నా చెప్పాలి.

ఈ పాఠానికి హోంవర్క్ ఇది. నోటుబుక్కులో మీ చర్మం రకం మీరే రాయండి. ఎక్కడ నల్ల వెంట్రుక, ఎక్కడ నూగు, ఎక్కడ నెరిసినవి అన్నది పగటి వెలుతురులో చూసి రాసుకోండి. ఆఖరిసారి ఎప్పుడు థ్రెడింగ్ చేయించుకున్నారో తేదీ వెయ్యండి. తర్వాత టెస్ట్ ప్యాచ్ అడగండి, అంటే ముందు చిన్న చోట మాత్రం లేజర్ కొట్టి చూడటం, కనీసం రెండు రోజులు చూడండి, ముదురు చర్మానికి ఇంకొన్నాళ్ళు. కొట్టిన కాసేపటికి ఒక్కో వెంట్రుక మొదట్లో చిన్న ఎర్రటి ఉబ్బు వస్తే కంగారు లేదు, కుదురుకి వేడి తగిలిందన్నమాట. బొబ్బ లేచినా, చర్మం బూడిద రంగుకి తిరిగినా ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. ఆ నోటుబుక్కుతో మూడో పాఠంలో సిట్టింగ్ గదిలోకి వెళ్దాం. లేజర్ నుంచి కళ్ళని కాపాడే అద్దాలు పెట్టుకోవడం దగ్గర మొదలుపెడదాం.