ఎండాకాలంలో కార్న్ స్నేక్ నీళ్ల గిన్నె వదలకపోతే: నా అనుభవం

మేముండేది డాలస్‌లో. జూలై వచ్చిందంటే మధ్యాహ్నమంతా మా కార్న్ స్నేక్ (ఇంట్లో పెంచుకునే విషం లేని పాము) నీళ్ల గిన్నెలోనే చుట్ట చుట్టుకుని ఉండేది. రాత్రయితే ట్యాంకు గాజుకు ముక్కు రాసుకుంటూ తిరగడం. ఫ్యాను, నీళ్లు చిలకరించడం, గిన్నెలో ఐసు ముక్కలు: అన్నీ అయ్యాయి, లాభం లేదు.

మైట్స్ (ఒంటికి పట్టి రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టినా పాము ఇలాగే నీళ్లలో పడుకుంటుంది కాబట్టి ముందు గిన్నె అడుగున నల్లటి నలుసులున్నాయేమో చూశాను. లేవు. తర్వాత ప్రోబ్ (వైరు చివర ఉండే సెన్సర్) ఉన్న థర్మామీటర్ కొని, చల్లగా ఉండాల్సిన వైపు నేలకు ఆనించాను. గాజుకు అతికించిన గుండ్రటి మీటరు 27 డిగ్రీలంటుంటే ఇది 32 చూపించింది! అక్కడ ఉండాల్సింది 24-26.

ట్యాంకును పడమటి కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడ వైపు, కింది అరలోకి మార్చాం. వేడినిచ్చే లాంపు ఆపేశాం. హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పరుపు) మాత్రం తీయలేదు, తిన్నది అరగాలంటే ఒక పక్క వెచ్చగా ఉండాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్‌ను మ్యాట్‌కే అంటించి 30కి పెట్టాను.

అసలు పనిచేసింది దీని తర్వాతిది. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి, చల్లటి వైపు జాలీ మూత మీద పెట్టాను. లోపల పెట్టకండి, చెమ్మ పెరుగుతుంది, పాము ఐసును ఆనుకునే ప్రమాదమూ ఉంది. మూత సగం గాలాడేలా వదలాలి. సాయంత్రానికి 26.

మాది ఏసీ ఇల్లు. ఏసీ లేకపోతే సీసా ఒక్కటే చాలుతుందనుకోను. బాల్ పైథాన్‌కు (ఇంకో రకం పెంపుడు పాము) ఈ అంకెలు వాడొద్దు, దానికి వెచ్చటి వైపు 31-32 కావాలి.