జీకే సొంతంగా, 4వ పాఠం: లొట్టిలోంచి తీసే ప్రశ్నలు

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతుంది? గుడి 1213 నాటిదనీ, యునెస్కో గుర్తింపు 2021లో వచ్చిందనీ గ్రూప్స్‌కు చదివే మీకు తెలిసిందే. ఇటుక సంగతి ఇది. దాని లోపల గాలి నిండిన సన్నటి రంధ్రాలు ఎక్కువ, అందుకే సాంద్రత నీటికన్నా తక్కువ. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. అంతకు తగ్గింది తేలుతుంది. మంచుగడ్డ తేలేదీ, నూనె నీటిపైన నిలిచేదీ ఇందుకే.

ఒక్క కారణం పట్టుకుంటే మూడు బిట్లు చేతికొచ్చాయి. ఈ పాఠంలో సాధన చేయాల్సింది ఇదే. కళ్లముందున్న వస్తువును తీసుకుని ముందు 'ఎందుకు?' అని, ఆ వెంటనే 'ఇదే సంగతి ఇంకెక్కడ ఉంది?' అని అడగాలి. బిట్ బ్యాంకులో ప్రశ్న పక్కనే జవాబు ఉంటుంది కాబట్టి మనం ఆ పని చేయం. పరీక్షలో ప్రశ్న తిప్పి అడిగినప్పుడు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఈసారి వస్తువు తాటిచెట్టుకు కట్టిన లొట్టి, అంటే కల్లు పట్టే కుండ. హనుమకొండ నుంచి జనగామ వైపు వెళ్లినా, పరకాల వైపు వెళ్లినా కనిపించేదే.

గౌడన్న గెల కొస గీసి లొట్టి కడతాడు. అందులో పడే రసం మొదట తియ్యగా ఉంటుంది, కొన్ని గంటల్లో నురగ కట్టి ఘాటెక్కుతుంది. ఎందుకు? గాలిలోంచీ, పాత లొట్టి గోడల నుంచీ చేరిన ఈస్ట్ రసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ వాయువు వల్లే నురగ. ఈ మార్పు పేరు కిణ్వనం. బేకరీలో బ్రెడ్డు పిండి పొంగేదీ దీనితోనే.

మరి నీరా అనే తియ్యటి తాటిరసం ఎందుకు పులియదు? లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం క్షారం, అందులో ఈస్ట్ పెరగలేదు. ఇక్కడ కాస్త ఆగండి, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముడి ఇది. కల్లు నురగలోని వాయువునే సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. టెన్త్ సైన్సులో కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తుపట్టే పరీక్ష అదే. తెల్లబడింది కాల్షియం కార్బొనేట్ వల్ల. సున్నపురాయి, పాలరాయి, కోడిగుడ్డు పెంకు అన్నిట్లోనూ ప్రధానంగా ఉండేది అదే. గోడకు వేసిన వెల్ల గట్టిపడేది కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసే.

కల్లును ఇంకా వదిలేస్తే ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా గాలి సాయంతో దాన్ని వెనిగర్ చేస్తుంది. ఇక పేర్లు. కిణ్వనం సూక్ష్మజీవుల పని అని 1857 నుంచి చేసిన పరిశోధనల్లో చూపింది లూయీ పాశ్చర్. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్ కణాలను నూరి తీసిన రసంతోనే చక్కెరను పులియబెట్టాడు. బతికున్న కణం అక్కర్లేదు, ఎంజైములు చాలని తేలింది. ఆయనకు 1907లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ ఇద్దరి తేడా నోట్‌బుక్‌లో తప్పకుండా రాసుకోండి, ఆప్షన్లలో కలిపేయడానికి వీలైన చోటు ఇది.

చెట్టు గురించి రెండు మాటలు చాలు. పోతుతాడు, పండుతాడు వేర్వేరు చెట్లు. ముంజలు పండుతాటికే, కల్లు రెండింటికీ. వరిలాగే తాడి కూడా ఏకదళబీజం కాబట్టి మాను నరికినా వయసు చెప్పే వలయాలు కనిపించవు.

తాటాకు సాహిత్యంలోకి తీసుకెళ్తుంది. ఆకు మీద ఘంటంతో రాసేవారు, చెదలూ పురుగులూ ఆ ఆకును తినేసేవి. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను వేరే కవులు పూరించారని చెబుతారు. 5వ స్కంధం గంగన, 6వది సింగన, 11, 12 వెలిగందల నారయ. జతపరచండి ప్రశ్నకు సరిగ్గా సరిపోయే సంగతి.

ఆదిలాబాద్ వైపు వెళ్తే కల్లు పక్కన ఇప్పపువ్వు ఉంటుంది. ఇప్ప, సపోటా ఒకే కుటుంబం. ఇప్పపూల పరాగ సంపర్కానికి గబ్బిలాలు తోడ్పడతాయి. గబ్బిలం పక్షి కాదు, ఎగిరే క్షీరదం. దాన్నే దూతగా చేసి జాషువా 1941లో కావ్యం రాశారు.

వచ్చే పాఠానికి రెండు ప్రశ్నలు. పులిసిన ఇప్పపువ్వును మరిగించి ఆవిరి పడితే సారా ఎందుకు ఘాటవుతుంది? ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 దగ్గర మరుగుతాయన్నది దారి. రెండోది: వరంగల్ చపాటా మిర్చి అంత ఎర్రగా ఉండి కారం ఎందుకు తక్కువ? ఫోన్‌లో వెతక్కుండా, ముందు మీకు తోచిన కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి తేదీ వేయండి.