అంబలి, ఆకు పసరు, యాంటీబయాటిక్: మాత్ర చేతిలో పెట్టే ముందు అడగాల్సినవి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, కోరాపుట్ వైపు సబ్‌సెంటర్లో పనిచేసే నర్సు మోతాదు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అసలు యాంటీబయాటిక్ కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా ఉన్న నేల. జ్వరమని వచ్చిన మనిషికి ఆర్‌డీటీ (మలేరియాను వెంటనే తేల్చే పరీక్ష) కిట్‌తో రక్తం చూడకుండా అమాక్సిసిలిన్ ఇచ్చి పంపితే, అది పనిచేస్తుందేమోనని వాళ్లు ఎదురుచూసే రెండు రోజుల్లోనే మలేరియా మెదడుకెక్కొచ్చు. జలుబుకూ నీళ్ల విరేచనాలకూ యాంటీబయాటిక్‌తో పనిలేదు. విరేచనాలకు ఓఆర్ఎస్ ఇవ్వాలి. పిల్లలకైతే జింక్ కూడా 14 రోజులు, ఆరు నెలల లోపు రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆపైన 20.

దగ్గుతో వచ్చిన బిడ్డ ఏడుపు ఆపాక, నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. అర నిమిషం చూసి రెట్టింపు చేయొద్దు. 2 నుంచి 12 నెలల బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా కింద లెక్క. 250 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ కరిగే బిళ్ళలు ఏడాదిలోపు ఒకటి, మూడేళ్లలోపు రెండు, ఐదేళ్లలోపు మూడు, పూటకి అన్ని చొప్పున రెండు పూటలా 5 రోజులు. రెండు నెలలు నిండని బిడ్డనూ, పాలు తాగలేని, మగతగా ఉన్న, ఫిట్స్ వచ్చిన బిడ్డనూ వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

తేడా వచ్చేది ఎక్కువగా పొడి సిరప్‌తోనే. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే పొడి అడుగున గడ్డ కడుతుంది. మొదటి రోజుల మోతాదు పలచగా, చివరివి చిక్కగా పడతాయి. ముందు సీసాను తట్టి పొడి వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా కుదిపి, నురగ తగ్గాక గీత దాకా నింపాలి. ఇది ఇంటికి వదలకుండా మీరే కలిపి, తేదీ రాసి ఇవ్వండి. ఏడు రోజులు దాటితే పారబోయమనండి.

ఇక అసలు విషయం. ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని అడిగితే ‘ఏవీ లేవమ్మా’ అనే వస్తుంది. పసరునూ ఐరన్ బిళ్ళనూ ఎవరూ మందుల్లో లెక్కేయరు. విడివిడిగా అడగాలి: ‘దిసారి (ఊళ్లో పసరు వైద్యం చేసేవాడు) దగ్గర ఏమైనా తాగేరా? ఐరన్ బిళ్ళ వేసుకుంటన్నారా? అంబలి ఏ వేళకి తాగుతారు?’ మందలించారో, మరోసారి దాచేస్తారు.

చోడి అంబలి సంగతి ఎందుకంటే, చోళ్లలో (రాగుల్లో) 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సిప్రోఫ్లోక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ కాల్షియం, ఐరన్, జింక్, గ్యాస్ మందుల్లోని అల్యూమినియం, మెగ్నీషియంతో ముడిపడిపోయి పేగులోంచి రక్తంలోకి వెళ్లదు. మాత్ర వేసుకున్నట్టే ఉంటుంది, జబ్బు తగ్గదు. రక్త విరేచనాల బిడ్డకు డాక్టరు సిప్రో, జింక్ రెండూ రాస్తే ఒకేసారి నోట్లో పోసే ప్రమాదం ఎక్కువ. గుర్తుండేలా ఇలా చెప్పండి: సిప్రో పొద్దున్న ఆరుకీ సాయంత్రం ఆరుకీ. అంబలి, ఐరన్, జింక్, పాలు అన్నీ పొద్దున్న ఎనిమిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య.

స్క్రబ్ టైఫస్‌ (పురుగు కాటుతో వచ్చే జ్వరం) కిచ్చే డాక్సీసైక్లిన్‌ను పాలు అంతగా దెబ్బతీయవు, ఐరన్ మాత్రం బాగా దెబ్బతీస్తుంది. డాక్టరును అడిగి ఆ కొద్ది రోజులూ ఐరన్ ఆపేయడం తేలిక. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ రాస్తారు కాబట్టి వాళ్ల ఐరన్ ఆపక్కర్లేదు. డాక్సీ గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునే మింగాలి. అరగంట దాకా పడుకోకూడదు. లేకపోతే బిళ్ళ గొంతు కింద అంటుకుని పుండు చేస్తుంది.

మెట్రోనిడజోల్ ఇస్తున్నప్పుడు జీలుగు కల్లు, ఇప్పసారా, లందా (బియ్యపు కల్లు) పేర్లు ఒక్కొక్కటీ చెప్పి వద్దనాలి. ‘మందు తాగుతారా’ అంటే కల్లు అందులోకి రాదు. కోర్సయ్యాక కూడా మూడు రోజులు ఆగాలి. వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబడటం రావచ్చు.

సెఫ్ట్రియాక్సోన్ సూదిమందును ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌తో కలపకండి, అందులోని కాల్షియంతో గడ్డ కడుతుంది. నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్‌తో కలిపింది కండకే, నరానికి ఎప్పుడూ కాదు. టెస్ట్ డోస్‌కి ఏమీ కాలేదని ధీమా వద్దు. సూది చేశాక అరగంట కూర్చోబెట్టండి. దద్దుర్లతో ఆయాసం గానీ, బీపీ పడిపోవడం గానీ కనిపిస్తే 1:1000 అడ్రినలిన్ పెద్దవాళ్లకు 0.5 మి.లీ., పిల్లలకు కిలోకి 0.01 మి.లీ. తొడ బయటి వైపు కండకి వెంటనే ఇవ్వాలి. ఎవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) దాని తర్వాతే.

ఆకు మందులన్నీ ప్రమాదం కావు, కానీ కొన్నింటితో జాగ్రత్త. నేలవేము కషాయం షుగర్, బీపీ మందులతో కలిస్తే రెండూ మరీ పడిపోవచ్చు. అతిమధురం బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. తిప్పతీగ రోజూ తాగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు నివేదించారు. టీబీ మందులు వాడేవాళ్లకు అవే కాలేయానికి భారం, కాబట్టి వాళ్లకు తిప్పతీగ, పేరు తెలియని పసర్లు, భస్మాలు వద్దనాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా రావడం మామూలే. మాలా-ఎన్ గర్భనిరోధక బిళ్ళ మాత్రం ఆ మందుతో నమ్మదగ్గది కాదు, వేరే పద్ధతి చూపించండి. కళ్లు పచ్చబడినా, అన్నం సహించక వాంతులవుతున్నా టీబీ మందులు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరకు పంపండి, తాగిన పసరు మిగిలుంటే సీసాతో సహా.