పాత సైకిల్ ఫ్రేము కొంటున్నారా? దానికి ఏ పార్టులు పడతాయో ఇలా తేల్చుకోండి

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో, మీ వీధి చివర పాత ఇనుప సామాన్ల కొట్లోనో చక్రాల్లేని ఫ్రేము ఒకటి చవగ్గా దొరుకుతుంది. అమ్మేవాడు "హీరోది సార్, ఒరిజినల్" అంటాడు. హీరోదో కాదో మనకు పెద్దగా అక్కర్లేదు. స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు, పెయింట్ ఎవరైనా కొట్టిస్తారు, పైగా ఒకే కంపెనీ ఒకే పేరుతో వేర్వేరు ఏళ్లలో వేర్వేరు కొలతల ఫ్రేములు తీస్తుంది. పార్టు పట్టేదీ పట్టనిదీ తేల్చేది ఫ్రేముకున్న రంధ్రాలు, థ్రెడ్లు, సందుల కొలతలు. అవి తెలిస్తే బ్రాండ్ తెలియకపోయినా బండి తయారవుతుంది.

వెళ్లేటప్పుడు వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, చిన్న అయస్కాంతం, నాలుగు మీటర్ల దారం, ఫోన్ పట్టుకెళ్లండి. దర్జీ టేపుతో పని జరగదు. సీటు రాడ్డులో 26.8 మి.మీ.కీ 27.2కీ తేడా టేపు మీద కనపడదు, కానీ రాడ్డు దిగదు.

1. ముందు ఫ్రేము బాగుందో లేదో చూడండి

అయస్కాంతం అంటుకుంటే స్టీలు, అంటుకోకపోతే చాలా మటుకు అల్యూమినియం. ఇది ముందే తెలియాలి, ఎందుకంటే స్టీలు వంగినా కొంతవరకు సరిచేయొచ్చు, వెల్డింగ్ పెట్టించొచ్చు. అల్యూమినియం ఫ్రేము పగిలితే దాన్ని వదిలేసి వచ్చేయడమే.

పగుళ్లు ఎక్కడ వస్తాయంటే, హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట, పెడల్ ఇరుసు ఉండే గొట్టం చుట్టూ, వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడుల దగ్గర, సీటు బిగించే చీలిక కింద. మట్టి తుడిచి వెలుతుర్లో చూడండి. హ్యాండిల్ వెనక, కింది పైపు అడుగున పెయింట్ ముడతలు పడి ఉంటే ఆ బండి ఎదురుగా దేన్నో గట్టిగా గుద్దిందని అర్థం. కొత్తగా పెయింట్ కొట్టిన ఫ్రేమైతే ఇంకా అనుమానంగా చూడండి.

తర్వాత దారం పరీక్ష. దారం ఒక కొస వెనక ఎడమ గాడికి కట్టి, ముందు హ్యాండిల్ పైపు చుట్టూ తిప్పి, కుడి గాడికి తెచ్చి బిగించండి. సీటు పైపుకీ దారానికీ మధ్య సందు రెండు వైపులా కొలవండి. ఒకటి రెండు మి.మీ. తేడా ఉంటే ఫర్వాలేదు, అంతకు మించితే వెనక భాగం ఒక పక్కకు వంగింది.

2. నంబరు, బిల్లు

ఫ్రేమును తిరగేయండి. పెడల్ గొట్టం అడుగున అంకెలు చెక్కి ఉంటాయి, కొన్నిటికి సీటు పైపు మీదో హ్యాండిల్ పైపు మీదో ఉంటాయి. ఫోటో తీసుకోండి. ఆ నంబరును గ్రైండర్‌తో గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా కొనకండి, దొంగ బండి టెన్షన్ మనకెందుకు. బిల్లు లేకపోతే కనీసం అమ్మినాయన పేరు, తేదీ, ఫ్రేము నంబరు రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి.

3. ఇది ఏ రకం ఫ్రేము?

మన దగ్గర దొరికేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి పాలవాళ్లు, పోస్టుమాన్‌లు తొక్కిన పెద్ద నల్ల సైకిల్ ఫ్రేము. అట్లాస్, హెర్క్యులస్, హీరో, ఏవన్ ఏదైనా లెక్క దాదాపు ఒకటే. అట్లాస్ ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడింది, అయినా ఆ సైకిళ్ల పార్టులకు ఇబ్బంది లేదు, మిగతా కంపెనీల నల్ల సైకిళ్లకు వచ్చేవే దానికీ పడతాయి. ఇలాంటి ఫ్రేము దొరికితే మీ పని సగం అయిపోయినట్టే, ఏ పల్లెటూరి సైకిల్ షాపులోనైనా సామాను ఉంటుంది. రెండోది గేర్ల సైకిల్ ఫ్రేము. అసలు చిక్కంతా ఇక్కడే. వెనక కుడి గాడి కింద గేరు బిగించే చెవి, దానికి థ్రెడ్ ఉన్న రంధ్రం ఉంటే గేర్ల ఫ్రేము. ఆ చెవి వంగిందా, థ్రెడ్ అరిగిందా చూడండి. అది విడిగా ఊడొచ్చే రకమైతే కొత్తది వేయొచ్చు, కానీ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం కాబట్టి పాతది చేతిలో పట్టుకుని వెతకాలి.

4. చక్రం సైజు

టైరు మీద పెద్దగా రాసిన అంగుళాల్ని నమ్మకండి, చిన్నగా రాసిన మి.మీ. అంకె చూడండి. మన నల్ల సైకిల్ 28 × 1½ టైరు 635. రోడ్ బైకుల 700సీ 622, దాన్నీ కొందరు 28 అనే అంటారు, కానీ ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 26 అంగుళాల్లోనూ గొడవే. ఎంటీబీ (మౌంటెన్ బైకు)ది 559, లేడీస్ సైకిళ్లలో కనిపించే 26 × 1⅜ది 590. 27.5 అంటే 584, 29 అంటే మళ్లీ 622.

చక్రం లేకుండా ఫ్రేము ఒక్కటే ఉంటే బ్రేకులే ఆధారం. వి-బ్రేకు (రిమ్మును రెండు పక్కల నుంచి పట్టేది) బిగించే రెండు మొలకలు పైపుల మీద ఉంటే బ్రేకు కట్ట సరిగ్గా రిమ్ము మీదకు రావాలి, కాబట్టి చక్రం సైజు మార్చే వీల్లేదు. తెలిసినవాళ్ల దగ్గర ఒక చక్రం అరువు తెచ్చి పెట్టి చూడటం అన్నిటికన్నా మంచి పద్ధతి. డిస్క్ బ్రేకు ఫ్రేమైతే పైపులకు టైరు తగలకపోతే చాలు. నల్ల సైకిల్ రాడ్ బ్రేకు కట్ట రిమ్ము లోపలి వైపు, అంటే ఇరుసు వైపు పట్టుకుంటుంది. ఆ రిమ్ముకి కేబుల్ బ్రేకు వేద్దామంటే సరిగ్గా పట్టదు, రిమ్ము కూడా మార్చాలి.

5. వెనక గాడుల మధ్య సందు

రెండు గాడుల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. గేర్లు లేనివి 110 నుంచి 120 మి.మీ., పాత 6, 7 స్పీడ్ రోడ్ బైకులు 126, తర్వాతివి 130, ఎంటీబీలు 135. గాడికి బదులు చుట్టూ మూసిన రంధ్రం ఉంటే లావు ఇరుసు రకం, 142 కానీ 148 కానీ. ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ముక్క) మామూలుగా 100.

స్టీలు ఫ్రేములో 126ని 130 చేయడం పెద్ద పని కాదు, తెలిసిన మెకానిక్ వంచిపెడతాడు. అల్యూమినియాన్ని మాత్రం లాగనివ్వకండి.

6. పెడల్ గొట్టం

ఈ గొట్టాన్నీ, దాని లోపల తిరిగే ఇరుసు సెట్టునీ షాపువాళ్లు బీబీ అంటారు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చూడండి. గొట్టం వెడల్పు కొలవండి, లోపల థ్రెడ్ ఉందా వేలు పెట్టి చూడండి.

థ్రెడ్ ఉండి వెడల్పు 68 లేదా 73 మి.మీ. ఉంటే దాదాపు ఖాయంగా బీఎస్ఏ థ్రెడ్, 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఇది బీఎస్ఏ బ్రాండ్ సైకిళ్లకే అనుకోకండి, ప్రపంచమంతా ఆ కొలతను అలాగే పిలుస్తారు. చైను వైపు బిగించే బేరింగ్ కప్పు ఎడమ చుట్టు, అంటే విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇది తెలియక పానాకి పైపు తగిలించి ఎదురు తిప్పి థ్రెడ్ పాడుచేసేవాళ్లు చాలామంది. వెడల్పు 70 ఉంటే ఇటాలియన్, మన దగ్గర అరుదు, సామాను దొరకదు.

థ్రెడ్ లేకుండా నున్నగా, లోపలి వ్యాసం 51 మి.మీ. చిల్లర ఉంటే పిల్లల సైకిళ్లలో వచ్చే ఒకే ముక్క క్రాంకు (పెడల్స్ తగిలించే చేతులు) రకం. దాని పెడల్ థ్రెడ్ అర అంగుళం, మిగతా చాలా క్రాంకులకు 9/16 అంగుళం, కాబట్టి పెడల్స్ కూడా మారిపోతాయి. నున్నగా ఉండి 41, 42 మి.మీ. ఉంటే ఖరీదైన ప్రెస్‌ఫిట్ రకం, అంటే థ్రెడ్ లేకుండా నొక్కి దించేది.

బీబీ ఇరుసు పొడవు ఫ్రేమును బట్టి కాదు, మీరు వేసే క్రాంకును బట్టి ఉంటుంది. అందుకే క్రాంకు ముందు కొని, దానికి చెప్పిన పొడవున్న బీబీ తర్వాత కొనండి. కాటర్ పిన్ను (క్రాంకును ఇరుసుకి బిగించే చీల) రకమైతే పాత పిన్ను జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి.

7. మిగతావి

ఫోర్కు పైన నిలువు పైపు బయటి వ్యాసం 25.4 అయితే ఒక అంగుళం రకం, 28.6 అయితే 1⅛. పై కొసన థ్రెడ్ ఉంటే హ్యాండిల్ రాడ్డు పైపు లోపలికి దిగేది, లేకపోతే బయట నుంచి పట్టుకునేది. ఫ్రేముతో పాటు ఫోర్కు ఇవ్వకపోతే బేరం ఇంకా తగ్గించండి.

సీటు పైపు లోపలి వ్యాసాన్ని రెండు దిక్కుల్లో కొలవండి, పైన చీలిక దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి కాస్త కిందకి. చైను గేర్లు లేనిదానికి ⅛ అంగుళం వెడల్పు, 6, 7, 8 స్పీడ్‌కి ఒకటే 3/32 సరిపోతుంది, 9 నుంచి దేనికి దానిది. గేరు మీట, వెనక గేరు ఒకే కంపెనీ ఒకే వరసలో తీసుకుంటే తలనొప్పి ఉండదు.

కొలతలన్నీ ఫోన్‌లో రాసుకున్నాక, డబ్బు ఇవ్వకముందే పార్టుల ధరలు కూడండి. చక్రాలు, బీబీ, క్రాంకు, ఫోర్కు అన్నీ కొత్తవే కొనాల్సి వస్తే, అదే సైజులో మూలపడున్న పూర్తి సైకిల్ ఒకటి కొని దాని సామాను దీనికి మార్చుకోవడం చాలాసార్లు చవక. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పిల్లలు ఎదిగిపోయాక వదిలేసిన గేర్ల సైకిళ్లు దుమ్ము పట్టి ఉంటాయి, వాచ్‌మన్‌ని అడిగితే ఎవరివో చెబుతాడు.