కారు నంబర్ ప్లేటు వదులైతే, మోగితే, ఊడిపోతే: సమస్యలు - పరిష్కారాలు

ప్లేటు వదులైందనగానే చాలామంది స్క్రూడ్రైవర్ అందుకుని ఉన్న స్క్రూనే ఇంకాస్త తిప్పుతారు. నాలుగు రోజులకు మళ్లీ అదే వదులు. లోపం స్క్రూలో ఉండేది తక్కువ. అది దేన్ని పట్టుకుని ఉందో, ప్లేటు వెనక ఎంత ఖాళీ ఉందో చూడాలి. కింద చెప్పిన ఏ సమస్యకైనా ముందు టార్చి వేసి ప్లేటు వెనక్కి చూడండి.

పనిలో దిగేముందు ఒక మాట. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కార్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. పాత కార్లకూ అవే బిగిస్తున్నారు. ప్లేటు 1 మి.మీ. మందం అల్యూమినియం రేకు. పొడవాటి రకం 500×120 మి.మీ., పొట్టి రకం 340×200 మి.మీ. పై ఎడమ మూలన 20×20 మి.మీ. హోలోగ్రాం, కింద ఎడమవైపు లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటాయి. ఆ రెండు చోట్లా రంధ్రం పడకూడదు. వెనక ప్లేటును స్నాప్ లాక్‌తోనే బిగించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వ నిబంధన చెబుతోంది. ఈ లాక్ ఒకసారి పడితే విరగ్గొట్టే తీయాలి, మళ్లీ వాడటానికి పనికిరాదు. కాబట్టి లాక్ విప్పకుండా అయ్యే పనులు ఇంట్లో చేసుకోండి. లాక్ తీయాల్సినవి షోరూంకో, ప్లేట్లు బిగించే అధీకృత కేంద్రానికో వదిలేయండి.

డిక్కీ వేసినప్పుడు టపటపమని మోత

కారణం: అరమీటరు పొడవున్న పలుచని రేకును రెండు చోట్ల మాత్రమే పట్టి ఉంచుతారు. నడుమ భాగానికి ఆసరా ఉండదు. డిక్కీ పడ్డప్పుడల్లా ఆ భాగం ఊగి డోరు రేకును కొడుతుంది. మోతను భరించినా, దాని వెనక పెయింటు లేచి తుప్పు మొదలవడమే అసలు నష్టం.

అరచేత్తో ప్లేటు నడుమ, నాలుగు మూలలా నొక్కి చూడండి. ఎక్కడ లోపలికి పోయి తిరిగొస్తే అక్కడ ఖాళీ ఉన్నట్టు.

పరిష్కారం: ఒకవైపు జిగురున్న 3 మి.మీ. మందం ఈపీడీఎం (నీళ్లు పీల్చని రబ్బరు) ఫోమ్ టేపు తీసుకుని, 10 సెం.మీ. ముక్కలు రెండు కోయండి. ప్లేటు వెనక దుమ్మును పొడి బట్టతో తుడిచి, జిగురు వైపు కారు రేకుకు తగిలేలా ప్లాస్టిక్ స్కేలుతో ఆ ముక్కలను లోపలికి తోయండి. లాక్ విప్పనక్కర్లేదు. మామూలు స్పాంజి వద్దు, అది నీళ్లు పీల్చి పెట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అది తుప్పును పిలిచినట్టే. ఖాళీకి మించిన మందం ఫోమ్ కూడా కుక్కొద్దు. ప్లేటు వంగి భారమంతా లాక్ మీద పడుతుంది.

స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగవదు

ముందు ప్లేటుకు ఎక్కువగా వచ్చే సమస్య ఇది. కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు.

మొదటిది, చదరపు ప్లాస్టిక్ బుష్ అరిగిపోవడం. చాలా కార్లలో బంపర్‌కు చదరపు రంధ్రం, అందులో నైలాన్ బుష్, బుష్‌లోకి స్క్రూ ఉంటాయి. స్క్రూను అతిగా తిప్పితే బుష్ లోపలి మరలు చెరిగిపోతాయి. బుష్ లాగేసి కొత్తది పెట్టండి, స్పేర్ పార్టుల షాపులో కొద్ది డబ్బులకే దొరుకుతుంది. పాత బుష్‌లో అగ్గిపుల్ల దూర్చి బిగించడం ఒక్క వానాకాలం కూడా ఆగదు.

రెండోది, బుష్ లేకుండా నేరుగా బంపర్ ప్లాస్టిక్‌లోకే స్క్రూ ఎక్కించడం. బంపర్ మందం దాదాపు 3 మి.మీ. మాత్రమే. అందులో పడేది రెండు మరలే. ఇంకా లావు స్క్రూ వేస్తే కొన్నాళ్లు పట్టుకుంటుంది, తర్వాత రంధ్రం పగులుతుంది. ఇక్కడ రబ్బరు వెల్‌నట్ పెట్టాలి. ఇది లోపల ఇత్తడి నట్టు ఉన్న రబ్బరు గొట్టం. బోల్టు బిగిస్తుంటే రబ్బరు బంపర్ వెనక ఉబ్బి గట్టిగా పట్టేస్తుంది. ప్యాకెట్ మీద రాసిన సైజుకే రంధ్రం పెంచండి. అర మిల్లీమీటరు పెద్దదైనా రబ్బరు బోల్టుతోపాటు తిరుగుతుంది. చేత్తో బిగిశాక పాన పట్టి ఒకటి రెండు చుట్లు చాలు.

మూడోది, బ్రాకెట్ వెనక ఉన్న ఇనుప నట్టు తుప్పు పట్టి వెల్డింగ్ ఊడి తిరగడం. వెనక నుంచి 10 నంబర్ పాన అందితే నట్టును పట్టుకుని ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు విప్పండి. అందకపోతే బోల్టు తలను డ్రిల్ చేసి తీయడమే దారి. కొత్త బోల్టు స్టెయిన్‌లెస్ ఎం6×20, వెనక నైలాన్ లాక్ నట్టు వేయండి. మరల మీద లాక్‌టైట్ వంటి, బోల్టు వదులవకుండా పట్టే జిగురు పోసే అలవాటు కొందరికి ఉంది. ప్లాస్టిక్ దగ్గర అది వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది పగలగొడుతుంది.

కొత్త రంధ్రం వేయాల్సి వస్తే

బంపర్ వెనక ఫాగ్ ల్యాంప్ వైర్లు, సెన్సార్ వైర్లు ఉంటాయి. ఇంకాస్త లోపల ఏసీ కండెన్సర్ ఉంటుంది. దానికి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. డ్రిల్ బిట్ కొస నుంచి 8 మి.మీ. వదిలి ఇన్సులేషన్ టేపు చుట్టండి. టేపు అంచు బంపర్‌ను తాకగానే ఆపేయండి. బంపర్ మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గుర్తు పెట్టుకుంటే బిట్ జారదు, పెయింటు గీసుకోదు. ముందు 3 మి.మీ. బిట్‌తో, తర్వాత కావాల్సిన సైజుతో వేయండి.

రివెట్లు కొట్టినా ప్లేటు ఊగుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ రివెట్ పొడవే. 3/16 అంగుళం, అంటే 4.8 మి.మీ. అల్యూమినియం రివెట్ సరైనదే. అయితే అది పట్టాల్సిన మందం లెక్కవేయాలి: ప్లేటు 1, ప్లేటును పట్టే ఫ్రేము 2 నుంచి 3, బంపర్ 3, వెరసి 6 నుంచి 7 మి.మీ. చేతికందిన 8 మి.మీ. రివెట్ కొడితే వెనక తల తయారవడానికి పదార్థం మిగలదు. 12 మి.మీ. పొడవుది తీసుకోండి. ఇంకో చిక్కు, మెత్తటి ప్లాస్టిక్‌లోంచి రివెట్ తల లాక్కుని వచ్చేస్తుంది. వెనక చేయి దూరే చోటైతే వాషర్ వేసి కొట్టించండి. రివెట్ గన్ పట్టే కుర్రాడికి ఈ మాట మీరే చెప్పాలి, అడగకుండా ఎవరూ వేయరు.

నిలవ నీటిలోంచి వెళ్లాక ముందు ప్లేటు కనబడటం లేదు

హైదరాబాద్‌లో గంటసేపు వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలిచే రోడ్లు చాలా ఉన్నాయి. కారు ఆ నీటిని తోసుకుంటూ పోతుంటే బంపర్ ముందు అల లేస్తుంది. ప్లేటు తిన్నగా ఉంటుంది, బంపర్ వంపు తిరిగి ఉంటుంది. ఆ రెంటి మధ్య సందులోకి నీరు దూరి ప్లేటును వెనక నుంచి పెకలిస్తుంది. స్క్రూలు రెండూ పై అంచుకు దగ్గరగా ఉంటే కింది అంచు మొదట లేస్తుంది. తర్వాత రంధ్రం దగ్గర రేకు చిరుగుతుంది. స్క్రూ మాత్రం బంపర్‌కే ఉండిపోతుంది. అలా స్క్రూ మిగిలిందంటే దాన్ని ఇంకా బిగించి లాభం లేదు, చిన్న తలతో పలుచని రేకును పట్టడమే అక్కడి తప్పు.

పరిష్కారం: కింది అంచును కూడా పట్టే ఫ్రేము వేయించండి. ఫ్రేమును బంపర్‌కు నాలుగు చోట్ల బిగించాలి. రెండు పైన, రెండు కింద. స్క్రూ తల కింద కనీసం 15 మి.మీ. వెడల్పు వాషర్ ఉండాలి, అది అంకెల మీదికి రాకూడదు. చివర్ల సందు ఎక్కువుంటే ఫ్రేము వెనక ఫోమ్‌తో నింపండి. నీళ్లలో ఫస్ట్ గేరులో నెమ్మదిగా వెళ్లండి. బయటికి రాగానే దిగి చూసుకోండి, పోతే ఆ దగ్గర్లోనే దొరికే అవకాశం ఉంది.

దొరక్కపోతే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ఆ కాపీ తీసుకోండి. కొత్త ప్లేటుకు అది అడుగుతారు. మీ నంబరు ఇంకో బండికి తగిలించి ఎవరైనా తిరిగితే ఆ కాగితమే మీకు రక్ష. వేరేవాళ్ల ప్లేటు దొరికితే అదే స్టేషన్‌లో ఇచ్చేయండి.

స్నాప్ లాక్ విరిగింది

యాక్సిడెంటు తర్వాత బంపర్ మార్చినప్పుడు బాడీ షాపులో లాక్ కోసి, తిరిగి మామూలు స్క్రూలు బిగించి పంపడం పరిపాటి. డెలివరీ తీసుకునేటప్పుడు వెనక ప్లేటు తప్పక చూడండి. స్క్రూ కనబడితే అక్కడే చెప్పి, కొత్త లాక్ వేయించమనండి. ప్లేటు బాగుంటే లాక్ ఒక్కటే మార్చితే సరిపోతుంది. ప్లేటు కూడా చిరిగితే, పాతది అప్పగించి కొత్తది తీసుకోవాలి.

ఇదే సందర్భంలో మరో విషయం. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వస్తోంది. పాత టీఎస్ ప్లేట్లు అలాగే చెల్లుతాయి. అక్షరం మార్చడం కోసం లాక్ విరగ్గొట్టకండి, స్టిక్కరూ అంటించకండి.

స్క్రూల నుంచి గోధుమరంగు చారలు

ఇనుప స్క్రూ అల్యూమినియానికి తగిలి, మధ్యలో తేమ చేరితే తుప్పు పడుతుంది, చుట్టూ రేకు కూడా తెల్లగా పొడి రాలుతుంది. స్టెయిన్‌లెస్ 304 స్క్రూ, తల కింద నైలాన్ వాషర్ వేస్తే రెండు లోహాలూ తగలవు. చారలను సబ్బునీళ్లతో, మెత్తటి బట్టతో తుడవండి. థిన్నర్, పీచు వద్దు, మెరుపు పొర పాడవుతుంది. ప్రెషర్ వాషర్ గొట్టాన్ని ప్లేటు అంచుకు దగ్గరగా పెట్టినా ఆ పొర లేస్తుంది.

ప్లేటు బిగించాక పార్కింగ్ సెన్సార్ ఊరికే కూస్తోంది

ఫ్రేము మూల సెన్సార్ ముందుకు పొడుచుకొచ్చింది, లేదా ప్లేటు పైకి వాలింది. సెన్సార్ దాన్నే అడ్డంకి అనుకుంటుంది. పలుచని ఫ్రేము వేసి ప్లేటును నిలువుగా ఉంచండి. ముందు గ్రిల్‌లో రాడార్ ఉన్న కార్లలో ప్లేటు కంపెనీ చూపిన చోటే ఉండాలి, ఒక అంగుళం పైకి జరిపినా రాడార్ హెచ్చరిక రావచ్చు.

రాత్రి వెనక నంబరు కనబడటం లేదు

మొదట ప్లేటు మీద వెలిగే బల్బు చూడండి, చాలా కార్లలో అది 5 వాట్ల డబ్ల్యూ5డబ్ల్యూ రకం. బల్బు వెలుగుతున్నా అంకెల మీద నీడ పడుతుంటే ఫ్రేము పై అంచు కాంతికి అడ్డొస్తోంది. పై అంచు లేని ఫ్రేము మార్చండి. తెల్లటి కాంతిలో 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలగాలన్నది నిబంధన. ప్లేటు మీద పారదర్శక అక్రిలిక్ మూత ఉంటే తీసేయండి. అది ఎండకు పసుపెక్కుతుంది, హెడ్‌లైట్ పడితే మెరిసి అంకెలను మింగేస్తుంది.

డబుల్ సైడ్ టేపు ఊడింది

బంపర్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది అయితే ఏ జిగురూ తేలిగ్గా పట్టదు. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, జిగురు పట్టేలా చేసే 3ఎం 94 ప్రైమర్ పూసి, ఆరాక వీహెచ్‌బీ అనే గట్టి డబుల్ సైడ్ టేపు అంటించి గట్టిగా నొక్కాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, అందాకా కారు కడగొద్దు. ఇదంతా చేసినా టేపును ఫ్రేము కదలకుండా తోడుగా మాత్రమే వాడండి, వెనక ప్లేటుకు స్నాప్ లాక్ బదులు అది చెల్లదు.

ప్లేటు వంగింది

కొద్ది వంపయితే వెనక చెక్క ముక్క ఆనించి, ముందు నుంచి బట్ట వేసి బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. సుత్తి తగిలితే అక్షరాల మీద నల్ల పొర పగులుతుంది. మడత గీత పడి అంకె చీలినట్టు కనిపిస్తుంటే సరిచేసే ప్రయత్నం మాని కొత్త ప్లేటుకు దరఖాస్తు పెట్టండి.