మీ పేటలో అంగన్‌వాడీ లేదా? ఊరంతా కలిసి అర్జీ పెట్టే విధానం

మూడేళ్ల పిల్లను చంకనెత్తుకుని కాలువగట్టు వెంట కిలోమీటరు నడిచి, అంగన్‌వాడీలో దించి, మళ్లీ కూలి పనికి పరుగెత్తడం ఏ తల్లికైనా ఎన్నాళ్లు సాగుతుంది? వారం తిరిగేసరికి పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఒకటో తరగతిలో చేరేనాటికి పక్కనున్న పిల్లలు చింతపిక్కలు లెక్కపెట్టడం, రంగులు పోల్చడం, పాటకు చప్పట్లు కొట్టడం ఎప్పుడో నేర్చుకుని ఉంటారు. ఈ పిల్ల మాత్రం అక్కడే మొదలుపెట్టాలి. అందుకే దూరపు కేంద్రంతో సరిపెట్టుకోకుండా, మీ పేటకే ఒకటి కావాలని అడగండి.

అడిగే హక్కు మీకుంది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెవాసులు, మురికివాడల వాసులు కోరితే, కోరిన నాటి నుంచి మూడు నెలల్లోగా కేంద్రం ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. 40 మంది లేకపోతే జనాభా లెక్క చూసుకోండి. అంగన్‌వాడీలు నడిచే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) నిబంధనల ప్రకారం 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 400 ఉన్నచోట మినీ కేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 300 మంది ఉన్నా పూర్తి కేంద్రం అడగవచ్చు.

అర్జీకి ప్రాణం పిల్లల పట్టీ. దీనికి రెండు మూడు సాయంత్రాలు కేటాయించండి. పగలు వెళితే సగం ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. ఒక నోటుపుస్తకంలో గడులు గీసి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఇంటి నంబరు రాయండి, చివర తల్లి లేదా తండ్రి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఉయ్యాలలో ఉన్న బిడ్డను కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఆదేశంలో ఉన్నది ఆరేళ్లలోపు అందరూ. ఇటుక బట్టీల్లో పనికి వచ్చి పేట చివర గుడిసెలు వేసుకున్నవాళ్ల పిల్లలను మరిచిపోవద్దు. ఎవరూ పట్టించుకోకుండా పోయేది ముందుగా వాళ్లే.

పుట్టిన తేదీ అడిగితే కొన్నిచోట్ల నాయనమ్మ "వరికోతలప్పుడు పుట్టాడు" అంటుంది. అప్పుడు టీకాల కార్డు చూడండి, అదీ లేకపోతే ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లండి. జనన ధ్రువీకరణ పత్రం లేని పిల్లల పేర్లు విడిగా రాసి పెట్టుకోండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరేటప్పుడు వయసు రుజువు ఆ పత్రమే కాబట్టి, ఆ పని కూడా ఇప్పుడే మొదలుపెట్టించవచ్చు.

అర్జీ తెల్ల కాగితం మీద రాస్తే చాలు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు జతచేయనక్కరలేదు, ఎందుకంటే అంగన్‌వాడీ అన్ని ఇళ్ల పిల్లలకూ తెరిచి ఉండేదే. మాటలు ఇలా ఉండవచ్చు:

"మా పేటలో ఆరేళ్లలోపు పిల్లలు ___ మంది ఉన్నారు. దగ్గరి అంగన్‌వాడీ ___ కిలోమీటర్ల దూరంలో ఉంది. దారిలో కాలువ/రహదారి దాటాలి. సుప్రీంకోర్టు 13-12-2006 నాటి ఆదేశం ప్రకారం మా పేటకు కేంద్రం మంజూరు చేయాలని కోరుతున్నాం. పిల్లల పట్టీ జతచేశాం."

దారిలో ఉన్న అడ్డంకిని తప్పక రాయండి. వానాకాలంలో కాలువ పొంగితే పిల్లలు ఎన్నాళ్లు ఆగిపోతారో చెబితే, కిలోమీటర్ల అంకె చెప్పలేని సంగతి అధికారికి అర్థమవుతుంది. వాడుకోవడానికి సామాజిక భవనమో, ఖాళీ గదో ఉంటే ఆ వివరం కూడా చేర్చండి. గ్రామసభలో తీర్మానం చేయించి జతపరిస్తే అర్జీకి బలం వస్తుంది.

ఈ అర్జీని మీ ప్రాంత అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీవో) ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. మూడు నెలల గడువు లెక్కకు ఆ తేదీయే ఆధారం. మరో ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. తెలంగాణలో ఆ కార్యక్రమాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడిచ్చే రశీదు నంబరు జాగ్రత్త చేసుకోండి. గడువు దాటినా కబురు లేకపోతే, అర్జీ ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఈలోగా పిల్లలను ఇంట్లో ఆపవద్దు. దగ్గరి కేంద్రంలో పేరు నమోదు చేయించండి. బిడ్డకు ఆధార్ లేదని చేర్చుకోకపోవడం సరికాదు, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు అక్కడ ఆటపాటల చదువుతో పాటు వేడి భోజనం ఉచితంగా పెట్టాలి, అది 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. దూరం సమస్య అయితే నాలుగు ఇళ్ల తల్లులు వంతులు వేసుకుని పిల్లలందరినీ ఒకరే తీసుకెళ్లి తీసుకురావచ్చు.

పిల్లల పట్టీ నకలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తగా పుట్టినవాళ్లను, వలస వచ్చినవాళ్లను అందులో చేరుస్తూ ఉంటే, కేంద్రం తెరిచిన రోజున టీచరు నమోదు పని దానితోనే మొదలుపెట్టవచ్చు.